మట్టిమిద్దెపై మరో గదా..? బరువు లెక్క తేలాకే!

జమ్మలమడుగు: కుటుంబం పెరుగుతుంది. కొడుకుకు పెళ్లవుతుంది. ఊళ్లో స్థలం మాత్రం పెరగదు. అప్పుడు ఇంటి యజమాని చూపు సహజంగానే పైకి మళ్లుతుంది. పెద్దలు కట్టిన మిద్దె ఉంది, గోడలు రెండడుగుల మందాన ఉన్నాయి, వాటిపై ఒక మాళిగె వేసుకుంటే సరిపోతుందన్న ఆలోచన వస్తుంది. లేదంటే ధాన్యం, పాత సామాను పెట్టుకునే అటకనే పడకగదిగా మార్చుకుందామనిపిస్తుంది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లోనే కాక ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు వంటి పట్టణాల పాత వీధుల్లోనూ ఈ ఆలోచన చేయని ఇల్లు అరుదు. అయితే గోడ మందం చూసి దాని బలాన్ని నిర్ణయించటం ప్రమాదకరం. 2024లో నంద్యాల జిల్లా చిన్నవంగలి గ్రామంలో మట్టిమిద్దె పైకప్పు కూలి, నిద్రలో ఉన్న ఒకే కుటుంబానికి చెందిన నలుగురు మరణించారు. కొత్త బరువేదీ ఎక్కించకముందే పాత మిద్దె ఏ స్థితిలో ఉండగలదో ఆ విషాదం చూపింది.

మిద్దె బరువు మోసే తీరు

సీమ మిద్దె నిర్మాణం తెలియనిది కాదు. బురదమట్టితో కట్టిన రాతి గోడలు, వాటిపై వేప, టేకు లేదా తుమ్మ దూలాలు, దూలాలపై అడ్డంగా దంతెలు, దంతెలపై నాపరాళ్లు లేదా కట్టెల పరుపు, ఆపైన చవుడు మట్టి. రెండు దూలాల నడుమ భాగాన్ని అంకణమంటారు. వెలుతురు కోసం, ధాన్యం దించుకోవటం కోసం కప్పులో వదిలిన కన్నమే గవాచి. ఏడాదికి 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలకు, వేసవి ఎండకు, చేతికందే సామగ్రికి ఇంతకన్నా అనువైన ఇల్లు మరొకటి లేదనే చెప్పాలి.

చిక్కంతా ఆ చవుడు మట్టితోనే. వానకు కొంత కొట్టుకుపోతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. అందుకే వానాకాలానికి ముందు మళ్లీ ఒక పొర పరచటం ఆనవాయితీ. కింది పొరను తీసి కొత్తది వేసేవారు తక్కువ. పాతదానిపైనే మరో రెండు తట్టలు కుమ్మరించేవారే ఎక్కువ. మొదట తొమ్మిది అంగుళాలున్న మట్టి, రెండు తరాలు గడిచేసరికి అడుగున్నరకు చేరుతుంది. కింది దూలం మాత్రం అదే దూలం, పైగా అప్పటికి వయసు మీదపడిన దూలం.

ఈ మాటను అంకెల్లో చూడవచ్చు. ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న ఒక అంకణాన్ని తీసుకుంటే దాని వైశాల్యం 72 చదరపు అడుగులు. గట్టిపడిన మట్టి ఘనపుటడుగు సుమారు 48 కిలోలు తూగుతుంది. తొమ్మిది అంగుళాల మట్టి బరువు 2.6 టన్నులు. కింద ఒకటిన్నర అంగుళం నాపరాళ్లుంటే వాటి బరువు సుమారు 700 కిలోలు. మొత్తం 3.3 టన్నులు. మట్టి అడుగున్నర అయితే ఈ బరువు 5.9 టన్నులవుతుంది. ముసురు పట్టి ఆ మట్టంతా నానితే ఘనపుటడుగు బరువు 57 కిలోల వరకు పెరుగుతుంది. అంటే ఒక్క అంకణంపైనే దాదాపు మరో టన్ను అదనం. మనుషులెవరూ ఎక్కకుండానే, మూట ఏదీ పెట్టకుండానే ఈ బరువు చేరుతుంది. ఎండాకాలమంతా నిలిచిన మిద్దె మూడోనాటి ముసురుకు కూలటంలోని రహస్యం ఇదే.

గది అంటే ఎన్ని టన్నులు?

ఇక పైన కట్టదలచిన గది సంగతి. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పుతో చిన్న గదే అనుకుందాం. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు లేపితే, గోడ పొడవున ప్రతి అడుగుకూ 400 కిలోలకు పైగా బరువుంటుంది. నాలుగు వైపులా కలిపి 48 అడుగులకు 19 టన్నులు దాటుతుంది. ఐదంగుళాల కాంక్రీటు కప్పు చదరపు అడుగుకు సుమారు 30 కిలోల వంతున మరో నాలుగు టన్నులకు పైమాటే. తలుపులు, కిటికీల కన్నాలకు కొంత తగ్గినా, గచ్చు, పూత బరువులు దాన్ని పూడ్చేస్తాయి. వెరసి దాదాపు 24 టన్నులు. ట్రాలీకి మూడు టన్నుల లెక్కన ఎనిమిది ట్రాక్టర్ల ఇసుకను మిద్దెపైకి ఎక్కించినట్లే.

ఇవి కాక మనుషులు, మంచాలు, బీరువాల బరువు ఉంటుంది. నివాస గదుల అంతస్తు చదరపు మీటరుకు 200 కిలోలు, అంటే చదరపు అడుగుకు సుమారు 19 కిలోలు అదనంగా మోయగలిగేలా ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం నిర్దేశిస్తోంది. సరుకు నిల్వ గదులకు ఇది రెండింతలకు మించి ఉంటుంది. వడ్ల మూటలను ఐదడుగుల ఎత్తున పేరిస్తే చదరపు అడుగుకు 80 కిలోలు పడుతుంది. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. అది నిలిచే చోటు మహా అయితే పది చదరపు అడుగులు. పడకగదికని చేయించిన అంతస్తులో శనక్కాయల మూటలు, దానిపై ట్యాంకు చేరటం మన ఇళ్లలో వింత కాదు కనుక, ఏం పెట్టబోతున్నారో ఇంజినీరుకు ముందే దాచకుండా చెప్పాలి.

బూడిద ఇటుకలు తేలికన్న నమ్మకం ఎర్రగుంట్ల, ముద్దనూరు ప్రాంతాల్లో గట్టిగా ఉంది. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద దొరుకుతుండటంతో వాటి వాడకమూ ఎక్కువే. కానీ వాటి బరువు కాల్చిన మట్టి ఇటుకకు దాదాపు సమానం. తేలికైనవి ఏఏసీ దిమ్మెలు. వాటి బరువు ఇటుకలో మూడో వంతే.

గోడ మందంగా ఉన్నా...

రెండడుగుల రాతి గోడ నిజానికి ఒక గోడ కాదు, రెండు గోడలు. బయటి ముఖంలో ఒక వరుస, లోపలి ముఖంలో ఒక వరుస, నడుమ చిల్లరాళ్లు, మట్టి. ఈ రెండు ముఖాలను కలిపి పట్టే పొడుగు రాళ్లు లేకపోతే, పైనుంచి బరువు పెరిగినప్పుడు అవి ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. గోడ కడుపుతో ఉన్నట్లు ఉబ్బుతుంది. అలాంటి పొడుగు రాయి ప్రతి రెండడుగుల ఎత్తుకు, నాలుగడుగుల దూరానికి ఒకటి ఉండాలని తక్కువ బలం గల కట్టడాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం చెబుతోంది. పూర్వం నేర్పరులైన బేల్దారులు దీన్ని పాటించారు. పాటించనివారూ ఉన్నారు. పూత వేసిన గోడను పైనుంచి చూసి ఏది ఏదో చెప్పటం ఎవరి తరమూ కాదు. రెండు మూడు చోట్ల పూత తీసి చూడాల్సిందే.

గోడ ఉబ్బు తెలుసుకునేందుకు దారానికి కట్టిన తూకపు గుండు చాలు. పైనుంచి వేలాడదీసి, దారానికి గోడకు మధ్య ఎడాన్ని అడుగడుగుకూ కొలవాలి. మధ్యలో ఎడం తగ్గి కింద మళ్లీ పెరిగితే గోడ కడుపు పెట్టినట్లే. అటువంటి గోడపై ఒక్క ఇటుక కూడా పెట్టరాదు.

బురదమట్టి గోడకు నీరు మరో శత్రువు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు రోజుల తరబడి నానిన పాత ఇళ్లు ఎన్నో దెబ్బతిన్నాయి. నీరు తీసిన తర్వాత నిలిచే ఉన్న గోడల్లోని మట్టి కూడా మునుపటి పట్టును కోల్పోతుంది. 2021 నవంబరు వర్షాల్లో కదిరిలో పాత మూడంతస్తుల భవనం పక్కింటిపై కూలి చిన్నారులతో సహా పలువురు బలయ్యారు. అదే నెలలో కడప నగరంలోనూ మూడంతస్తుల భవనం ఒకటి కుప్పకూలింది. అది కాంక్రీటు భవనం. కాబట్టి భయం మట్టిమిద్దెలకే పరిమితం కాదు.

దూలం చెప్పే సంగతులు

పిల్లల చెక్క స్కేలును బల్లపరుపుగా పట్టుకుని వంచితే సులువుగా వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచబోతే వంగదు. చెక్క అదే, బరువు అదే, మారింది లోతు మాత్రమే. దూలం లోతు రెట్టింపైతే బలం నాలుగింతలు, వంగకుండా నిలిచే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. పొడవు విషయంలో ఇది తిరగబడుతుంది. అడుగుకు అంతే బరువున్నా గోడల మధ్య దూరం రెట్టింపైతే దూలంపై పడే వంపు ఒత్తిడి నాలుగింతలు, కుంగు పదహారింతలు పెరుగుతుంది. గది పెద్దది కావాలని నడిమి గోడ తీసేసి, ఉన్న దూలానికే జోడు వేయించేవారు గుర్తుంచుకోవలసిన లెక్క ఇది.

దూలం ఎక్కడ పుచ్చుతుంది? చాలామంది నడుమ చూస్తారు. చెడేది గోడలో దూరిన కొనల దగ్గర. అక్కడ గాలి ఆడదు, గోడ చెమ్మ తగులుతుంది, చెదలకు చీకటి దొరుకుతుంది. పదునైన ఇనుప సూదితో కొన దగ్గర పొడిచినప్పుడు మెత్తగా దిగితే ఆ దూలానికి కాలం చెల్లినట్లే. సుత్తితో తట్టితే గట్టి చెక్క మోగుతుంది, పుచ్చినది బొదబొదలాడుతుంది. కుంగును కొలిచేందుకు బేల్దారుల నీళ్ల పైపే సాధనం. రెండు కొనల వద్ద, నడుమ మట్టం చూసి గుర్తు పెట్టాలి. ఒక వానాకాలం గడిచాక మళ్లీ చూడాలి. కుంగు అలాగే ఉంటే ఒక మాట, పెరిగితే మరో మాట.

చెడిన దూలానికి బదులు ఇనుప ఐ సెక్షన్ దూలం వేయటం ఇప్పుడు సాధారణమైంది. ఇక్కడా లోతుదే పెత్తనం. 150 మిల్లీమీటర్ల దూలం మీటరుకు సుమారు 15 కిలోలు, 200 మిల్లీమీటర్లది సుమారు 25 కిలోలు. బరువు, అంటే ధర, పెరిగేది 1.7 రెట్లు. వంపును తట్టుకునే బలం పెరిగేది 2.3 రెట్లు. ఏది సరిపోతుందో లెక్క కట్టవలసింది ఇంజినీరు. ఎవరు కట్టినా దూలపు కొనను నేరుగా బురదమట్టి గోడపై ఉంచరాదు. ఆ కొద్దిచోటే బరువంతా పడి రాళ్లు నలుగుతాయి. కింద కాంక్రీటు దిమ్మె పోసి బరువును గోడ పొడవునా పంచాలి.

మెట్ల కోసం గవాచిని పెద్దది చేయటం మరో సాధారణ తప్పు. అడ్డొచ్చిన ఒకటి రెండు దంతెలను రంపంతో కోసేస్తారు. కోసిన దంతె మోస్తున్న బరువు ఎక్కడికీ పోదు, ఇరుపక్కల దంతెలపై పడుతుంది. కన్నానికి అడ్డంగా రెండు వైపులా బలమైన చెక్కలు బిగించి, పక్క దంతెలకు జోడు వేసిన తర్వాతే కోయాలి. ఆ పని జరుగుతున్నంతసేపూ కింద ముట్లు పెట్టి ఉంచాలి. ఆ ముట్లు కూడా గట్టి నేలపై నిలవాలి. పాత ఇళ్లలో జొన్నల కోసం తవ్విన పాతరలు బండల కింద ఇంకా ఉండవచ్చు. బండను తట్టి చూడనిదే ముట్టు నిలపరాదు.

అటక మనుషులకు కాదు

కాంక్రీటు ఇళ్లలో వంటగది, స్నానాలగదిపై పోసే అటక రెండున్నర, మూడంగుళాల పలచని పలక. ఒకవైపే గోడను పట్టుకుని ముందుకు చాచి ఉండే అటకకు ఇనుము పైభాగంలో ఉండాలి. ఎందుకంటే అక్కడే లాగుడు పుడుతుంది. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు కడ్డీలపై నడిస్తే అవి కిందికి దిగిపోతాయి. పైకి చూస్తే అటక చక్కగానే ఉంటుంది, ఇత్తడి బిందెలు, పాత పెట్టెలు మోస్తూనే ఉంటుంది. దానిపై పరుపు వేసి పిల్లలను పడుకోబెట్టినప్పుడు మాత్రం ఆ దిగిన కడ్డీలు తమ సంగతి చెబుతాయి. అటకను పడకగా మార్చాలంటే ముందు అంచు కింద కొత్త దూలం, దానికి రెండు కంబాలు తప్పనిసరి.

ముందుచూపుతో పిల్లర్ల కడ్డీలను మిద్దెపై పొడుచుకువచ్చేలా వదిలిన ఇళ్లు ప్రతి ఊరిలోనూ కనిపిస్తాయి. పదిహేనేళ్లు ఎండకు వానకు తుప్పు పట్టిన ఆ కడ్డీలనే కొత్త పిల్లర్లకు అతికిస్తున్నారు. తీగ కుంచెతో రుద్దితే తుప్పు పోయి నునుపు తేలితే సరే. గుంటలు పడి, కడ్డీ సన్నబడి ఉంటే అది లెక్కకు రాదు. అతుకు పొడవు కడ్డీ మందానికి 40 నుంచి 50 రెట్లు ఉండాలి. 16 మిల్లీమీటర్ల కడ్డీకి రెండడుగులకు పైగానే అన్నమాట. జానెడు బయటికుంటే చాలదు.

ప్రభుత్వ కాలనీ ఇళ్లదీ ఇదే సమస్య. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం ఇళ్లు, 2020 చివర్లో మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకం కింద గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలంలో కట్టినవి ఒక అంతస్తుకు ఉద్దేశించినవే. స్థలం అంత ఇరుకైనప్పుడు పైకి పోక తప్పదు. అయితే ఆ పునాది ఎంత లోతుందో, పిల్లర్లు ఉన్నాయో లేవో చూడకుండా పైకి పోరాదు.

నేలను బట్టి పునాది

బేతంచెర్ల, డోన్ వైపు రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. అక్కడ పునాది బెంగ తక్కువ. కుందూ నది వెంట నంద్యాల, కోవెలకుంట్ల, ప్రొద్దుటూరు వరకు పరుచుకున్న నల్లరేగడిలో అలా కాదు. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు చేయి దూరేంత పగుళ్లిస్తుంది. ఇంటి ఒక మూల తేమ, మరో మూల పొడి ఉంటే ఇల్లు అసమానంగా లేచి దిగుతుంది. తలుపు మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు దీని గుర్తు. రేగడిలో పునాది ఈ ఉబ్బు తాకని లోతుకు దిగాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇటువంటి నేలల కోసమే అడుగున గుబ్బలా వెడల్పయ్యే పైల్ పునాదులను రూపొందించింది. ఇవి సాధారణంగా మూడున్నర మీటర్ల లోతుకు దిగుతాయి. పునాది కందకంలో రేగడి తీసి గరుసు నింపటం, ఇంటి చుట్టూ నీరు నిలవకుండా నాపరాళ్లు పరచటం కూడా మేలు చేస్తాయి.

పాత గోడలను నమ్మలేనప్పుడు ఇంజినీర్లు సూచించే దారి ఒకటుంది. పాత ఇంటిని తాకకుండా కొత్త పిల్లర్లు నేల నుంచే లేపి, వాటిపై పై గదిని నిలపటం. పాత గోడకు, కొత్త పిల్లరుకు మధ్య అంగుళం ఎడం వదలాలి. రెండూ ఒకేలా కుంగవు కనుక అతికిస్తే చీలుతాయి. పిల్లర్ల గుంతలను గోడ పక్కనే వరుసగా ఒకేసారి తవ్వరాదు. గోడ కింది మట్టి జారిపోతుంది. ఒక గుంత తవ్వి, కాంక్రీటు పోసి, పూడ్చాక మరొకటి. పని ఆలస్యమవుతుందని మేస్త్రీ విసుక్కున్నా సరే.

ఖర్చు భరించలేనివారికి తేలిక గది మరో మార్గం. ముందుగా పేరుకున్న చవుడు మట్టిని దించి, కప్పును సరిచేసి, ఇనుప గొట్టాల చట్రంపై రేకులు వేస్తే కప్పు బరువు చదరపు అడుగుకు కిలోన్నర లోపే ఉంటుంది. రేకుల వేడి కడప ఎండకు భరించరానిదే. కింద తడకలో, థర్మాకోల్ పలకలో అవసరమవుతాయి. తేలిక కప్పుకు గాలి గండం కూడా ఎక్కువే. రాళ్లు పెట్టి ఆపటం కాదు, బోల్టులతో చట్రానికి, చట్రాన్ని బలమైన ఆధారానికి బిగించాలి.

నీళ్లు, అనుమతులు

సీమలో కాంక్రీటుకు కొరతయ్యేది సిమెంటు కాదు, మంచినీళ్లు. ఉప్పు బోరునీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే ఇనుము వేసిన కాంక్రీటుకు పనికిరాదని ఐఎస్ 456 చెబుతోంది. పోసిన కాంక్రీటును సాధారణ సిమెంటైతే కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే పది రోజులు తడిపి ఉంచాలి. ట్యాంకరు నీళ్లు కొనలేక మూడో రోజుకే ఆపేసిన కప్పులు ఎన్నో. నీటికి ముందే ఏర్పాటు లేకపోతే మే నెలలో పని మొదలుపెట్టకపోవటమే నయం. గోనెసంచులు, వరిగడ్డి పరిస్తే సగం నీటితో తడి నిలుస్తుంది. దూలాల కింది ముట్లను రెండు వారాలకు ముందు తీయరాదు.

పై అంతస్తుకు కూడా పంచాయతీ లేదా పురపాలక సంఘం అనుమతి ఉండాలి. ప్లాను గీసేవారు వేరు, కట్టడపు బలం లెక్క కట్టే స్ట్రక్చరల్ ఇంజినీరు వేరన్నది గ్రామాల్లో చాలామందికి తెలియదు. కావలసింది రెండోవారు. వారు ఇంటికి వచ్చి చూడాలి, ఫోనులో చెప్పించుకునే సలహా కాదిది. పరీక్షలు, సలహాల కోసం కర్నూలులోని జి.పుల్లారెడ్డి, నంద్యాలలోని ఆర్‌జీఎం, కడపలోని కేఎస్‌ఆర్‌ఎం ఇంజినీరింగ్ కళాశాలల సివిల్ విభాగాల అధ్యాపకులను సంప్రదించవచ్చు. వెళ్లేటప్పుడు గోడల మందం, దూలాల కొలతలు, వాటి మధ్య దూరం, చవుడు మట్టి ఎంత మందాన ఉందన్నది రాసుకుని వెళ్తే పని సులువవుతుంది.

పగుళ్లున్న ఇంట్లో ఈ లోపు చేయదగిన పని ఒకటుంది. ప్రతి పగులుకు అడ్డంగా రూపాయి బిళ్లంత సిమెంటు పట్టీ వేసి, దానిపై తేదీ రాసి పెట్టాలి. పట్టీ నెలరోజుల్లో చీలితే ఇల్లు ఇంకా కదులుతోందని అర్థం. కప్పు నుంచి మట్టి రాలటం, రాత్రివేళ దూలాలు చిటపటమనటం, నిన్నటిదాకా మూసుకున్న తలుపు ఈరోజు పట్టేయటం వంటివి ముసురు రోజుల్లో కనిపిస్తే, ఇంజినీరు కోసం ఎదురుచూడక ఆ రాత్రికే మంచాలు బయటికి లేదా బంధువుల ఇంటికి చేర్చాలి.